బ్లేక్ గ్రంథము – ఉల్వర్ గానము

ఆంగ్లకవి విలియం బ్లేక్ 1790 ప్రాంతమున ‘స్వర్గ నరకముల వివాహము’ అను గ్రంథమును ఆరంభించెను. చిత్రములనే గాక అక్షరములను సైతము రాగిరేకులపై స్వయముగా లిఖించి, 27 ఫలకములుగా ముద్రించెను. పరుల కత్తెరకు అందు తావు లేకపోయెను.

రెండు శతాబ్దుల పిదప, 1998లో, నార్వే దేశీయులగు ఉల్వర్ బృందమువారు దానికి సంగీతము కూర్చిరి. అంతవరకు ‘బ్లాక్ మెటల్’ అను కర్కశఘోషకు పేరొందిన ఆ యువకులు, ఈ మారు విద్యుత్ గిటారులకు యంత్రధ్వనులను జోడించిరి. అయినను మూలమును సమగ్రముగా స్వీకరించిరి. వచనభాగములను, సూక్తులను గూడ విడువలేదు. అందుచేత ఆ కృతి రెండు డిస్కులకు విస్తరించినది. పాట కొరకు మాటను కుదింపక, మాట కొరకు పాటను పెంచిరి.

రాగాలాపనలో పద్యము మునిగిపోవు నాటకములను మనమెరుగుదుము. కవివాక్కు వినబడినప్పుడే అది కవితాగానము.