ఆస్పత్రి గడప దాటిన అప్పు

జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి గుండానికి ఒక రాజు కథ ఉంది. సూర్యవంశపు కుపేంద్రుడు చర్మరోగంతో బాధపడుతూ వేటకు వచ్చి, ఇక్కడి నీళ్లలో మునిగితే రోగం మాయమైందని, ఆ కృతజ్ఞతతోనే గుడి కట్టించాడని స్థలపురాణం చెబుతుంది. ఇప్పటికీ అమావాస్యనాడు తెలుగు, కన్నడం, మరాఠీ మాట్లాడే జనం గుండం మెట్ల మీద కలుస్తారు. ఈ కథలో నాకు ముఖ్యంగా తోచేది ఇచ్చిపుచ్చుకోవడంలోని వరస. ముందు రోగం పోయింది, తరువాత రాజు ఇచ్చాడు. ఈ రోజు జహీరాబాద్ ప్రాంతం నుంచి పట్నంలోని ప్రైవేటు ఆస్పత్రికి రోగిని తీసుకెళ్తే ముందు అడ్వాన్సు కట్టాలి, తరువాతే మంచం. వైద్యం వల్ల పడిన అప్పును దానధర్మాలతో, సర్కారు సాయంతో తీర్చే ప్రయత్నాలు మన దగ్గర ఎలా నడిచాయో అర్థం కావాలంటే ఈ తిరగబడ్డ వరసను గుర్తుంచుకోవాలి.

జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. నిజాం కాలంలో ఇక్కడి పేదకు వైద్యమంటే ఊళ్లో మందిచ్చే మనిషి, హకీం, మంత్రసాని. పెద్ద రోగమొస్తే హైదరాబాద్ దవాఖాన. 1908 మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ దవాఖాన దెబ్బతిన్నాక, 1920లలో ఉస్మానియా ఆస్పత్రి భవనం లేచింది. అక్కడ పేదకు బిల్లు లేదు. అయినా అప్పు తప్పలేదు. దారి ఖర్చు, వెంట వెళ్లిన మనిషి తిండి, మంచాన పడ్డ రోజుల కూలి, ఇంట్లో లేని జొన్నలు, వీటన్నిటికీ ఊళ్లో ఎవరో ఒకరి దగ్గర చేయి చాపాల్సిందే.

ఆ చేయి చాపడం ఎక్కడికి తీసుకెళ్లిందో తెలంగాణ పల్లెలకు బాగా తెలుసు. పెళ్లికో, రోగానికో, తిండిగింజలకో తీసుకున్న చిన్న మొత్తానికి మనిషి దొర ఇంట్లో జీతముండేవాడు. అతడి తరువాత కొడుకు ఉండేవాడు. దీన్నే భగేలా అన్నారు. హైదరాబాద్ సర్కారు 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం చేసింది, ఆ తరువాత 1349 ఫసలీలో, అంటే 1939-40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల మీద మరో చట్టం తెచ్చింది. కాగితం మీద అవి మంచి చట్టాలే. కానీ దొరను అడగాల్సిన అధికారి దొర గడిలోనే భోంచేసే రోజులవి. 1976లో దేశమంతటికీ వర్తించే వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. మనిషిని విడిపించడంతో అది ఆగలేదు, ఆ మనిషిని కట్టేసిన అప్పునే రద్దయినట్టు ప్రకటించింది. మన చరిత్రలో రోగం వల్ల పడిన అప్పును కూడా, దాని పేరెత్తకుండానే, తుడిచేసిన చట్టంగా నేను దాన్ని చూస్తాను. మాఫీ అంటే పంట రుణమే గుర్తుకొచ్చే మనం ఈ సంగతిని మరిచిపోయాం.

తరువాతి మలుపు ఆస్పత్రుల వైపు నుంచి వచ్చింది. 1980ల చివరికి హైదరాబాద్‌లో కార్పొరేట్ వైద్యం మొదలైంది. అంతవరకు లేని యంత్రాలు వచ్చాయి, అంతవరకు లేని బిల్లులూ వచ్చాయి. అదే సమయంలో, 1988లో, కేంద్రం విదేశీ వైద్య పరికరాలకు కస్టమ్స్ సుంకం మినహాయించింది. బదులుగా ఆస్పత్రులు బయటి రోగుల్లో 40 శాతం మందిని ఉచితంగా చూడాలి, నెలకు 500 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పది శాతం మంచాలు ఉంచాలి. దేశమంతటా ఆస్పత్రులు యంత్రాలు తెచ్చుకున్నాయి, షరతును చాలా చోట్ల మరిచిపోయాయి. ఆ బాధ్యత ఒక్కసారి పాటించి వదిలేసేది కాదని, కొనసాగేదని మెడివెల్ ఆస్పత్రి కేసులో సుప్రీంకోర్టు గుర్తుచేయాల్సి వచ్చింది. ఆ పది శాతం మంచాలు నిజంగా పేదలకు దక్కి ఉంటే తరువాతి పథకాల భారం ఎంతో తగ్గేది.

వేరే దారిలో నడిచినవారూ ఉన్నారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1980లలో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి దాదాపు సగం మందికి డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే పద్ధతి పెట్టుకుంది, కట్టగలిగినవారి డబ్బుతో కట్టలేనివారి ఆపరేషన్లు నడిచాయి. 1991లో పుట్టపర్తి దగ్గర తెరిచిన సత్యసాయి ఆస్పత్రిలో బిల్లు కౌంటరే లేదు, గుండె ఆపరేషన్ కూడా ఉచితం. తిరుమల దేవస్థానం ప్రాణదాన ట్రస్టు భక్తుల కానుకలను పేదల ప్రాణాంతక రోగాల చికిత్సకు మళ్లించింది. ఈ మూడింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. వీటిలో ఏదీ అప్పు తీర్చలేదు, అన్నీ అప్పు పుట్టకుండానే చూశాయి. తెలుగునాట వైద్య దానానికి అసలు స్వభావం ఇదేనని నాకు అనిపిస్తుంది.

సర్కారు దానం ముఖ్యమంత్రి సహాయనిధి రూపంలో వచ్చింది. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిధి నుంచి 55 వేలకు పైగా రోగులకు దాదాపు 168 కోట్ల రూపాయలు వెళ్లాయి. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు అందులో ప్రధానం. ఇంతమంది ఒక్కొక్కరుగా ఎమ్మెల్యే సంతకం కోసం, సచివాలయం మెట్ల చుట్టూ తిరగడం కన్నా ఒక పద్ధతి ఉండాలన్న ఆలోచన నుంచే రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా, తొమ్మిది వందలకు పైగా చికిత్సలు. రోగి చేతి నుంచి రూపాయి కదలకుండా సర్కారే ఆస్పత్రికి కట్టేది. ఇన్నేళ్ల తరువాత కూడా పల్లెల్లో ఆ పేరు జనం నోట నిలిచిందంటే, అది వారి పొలాన్ని కాపాడిన పేరు గనకే. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం పరిమితిని పది లక్షలకు పెంచింది.

అయినా సహాయనిధి అవసరం తీరిపోలేదు. పథకంలో లేని రోగాలు, జాబితాలో లేని ఆస్పత్రులు, అర్ధరాత్రి దగ్గర్లో దొరికిన చోట చేర్పించిన కేసులు మిగిలాయి. హైదరాబాద్ నిమ్స్ లాంటి సర్కారు ఆస్పత్రిలో చికిత్సకు ముందే ఎల్వోసీ, అంటే ఖర్చు నిధి భరిస్తుందనే హామీ పత్రం, ఇస్తారు, అది ఉన్నవాడు అదృష్టవంతుడు. లేనివాళ్లు ముందు తామే కట్టి, డిశ్చార్జి అయ్యాక బిల్లులు జతచేసి దరఖాస్తు పెట్టుకుంటారు. నెలల తరువాత చెక్కు వస్తుంది, బిల్లులో కొంత భాగమే వస్తుంది. ఈలోగా వడ్డీ ఆగదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీతో లక్ష తెస్తే ఆరు నెలలకు పద్దెనిమిది వేలు. చెక్కు చేతికొచ్చే సరికి అందులో ఎంత వైద్యానిదో, ఎంత షావుకారుదో విడదీయలేం. పైగా 2024లో నకిలీ బిల్లులతో ఈ నిధిని మింగిన ఆస్పత్రుల మీద తెలంగాణ సీఐడీ కేసులు పెట్టింది. మోసపోయింది సర్కారు ఒక్కటే కాదు, క్యూలో వెనక నిలబడ్డ నిజమైన రోగి కూడా. ఆరోగ్యశ్రీకీ బకాయిల బాధ ఉంది. 2025 సెప్టెంబరులో డబ్బు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు కొన్నాళ్లు సేవలు ఆపాయి.

ఇదే కాలంలో అమెరికాలో మరో రకం దానం పుట్టింది. అప్పులు వసూలు చేసే వ్యాపారంలో పండిన జెర్రీ ఆష్టన్, క్రెగ్ ఆంటికో 2014లో ఆర్‌ఐపీ మెడికల్ డెట్ అనే సంస్థ పెట్టారు. అక్కడ ఆస్పత్రి ముందు వైద్యం చేసి తరువాత బిల్లు పంపుతుంది. కట్టలేనివారి బాకీలను కట్టగట్టి అతి చవకగా వసూలు కంపెనీలకు అమ్మేస్తారు. ఆ చవక ధరకే వాటిని కొని, వసూలు చేయకుండా రద్దు చేయడం ఈ సంస్థ పని. 2016లో టీవీ వ్యాఖ్యాత జాన్ ఆలివర్ 60 వేల డాలర్లతో దాదాపు కోటిన్నర డాలర్ల బాకీని ఇలా మాయం చేయించాడు. చూడటానికి అద్భుతం. కానీ 2024లో ఆర్థికవేత్తల బృందం 83,401 మంది విషయంలో పరిశీలిస్తే, ఈ రద్దు వల్ల వారి ఆర్థిక స్థితిలోనూ మానసిక ఆరోగ్యంలోనూ సగటున చెప్పుకోదగ్గ మార్పు రాలేదని తేలింది. ఏళ్లు గడిచి, ఆ బాకీ పెట్టాల్సిన బాధంతా పెట్టేశాక అందిన సాయమది అని నాకు తోస్తుంది.

మన దగ్గర ఆ పద్ధతి అసలు కుదరదు. ఆస్పత్రికి బాకీపడే అవకాశమే తక్కువ. మందులు, పరీక్షలు, ఆపరేషన్ దేనికైనా ముందే కౌంటర్లో కట్టాలి. అందుకే ఆస్పత్రి పుస్తకాల్లో బాకీ ఉండదు. అది బయట వేరే వేషాల్లో బతుకుతుంది. బ్యాంకులో కుదువపెట్టిన పుస్తెలతాడుగా, ఆసామి దగ్గర రాసిచ్చిన ప్రామిసరీ నోటుగా, బావమరిది ఇచ్చిన చేబదులుగా, ఎకరం భూమి కౌలుగా మారిపోతుంది. పంట రుణానికి బ్యాంకు ఖాతా, పాసుపుస్తకం ఉన్నాయి కాబట్టి తెలంగాణలో 2014లో లక్ష దాకా, 2024లో రెండు లక్షల దాకా మాఫీ చేయగలిగారు. వైద్యం అప్పుకు అలాంటి ఖాతా లేదు. జాతీయ ఆరోగ్య ఖాతాల లెక్కలో దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి కట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది పెద్ద మార్పే, ప్రభుత్వ పథకాల పాత్ర అందులో కాదనలేనిది. అయితే ఆ జేబులోకి డబ్బు ఎవరి దగ్గర నుంచి, ఎంత వడ్డీకి వచ్చిందో ఆ లెక్క చెప్పదు.

చరిత్రలో ఈ దాగిన అప్పును తాకిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు తెచ్చి, ఇంటి ముందు కూర్చుని చేసే వసూళ్లను ఆపించింది. ఆ రుణాల్లో రోగాల కోసం తీసుకున్నవీ ఉన్నాయి. 2016లో తెలంగాణ చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం రుణ విమోచన కమిషన్ చట్టం చేసింది. ప్రైవేటు అప్పుల మీద పేద మనిషి ఫిర్యాదు చేసుకోగల చోటు అది. దాని సంగతి ఊళ్లలో తెలిసింది తక్కువ.

జహీరాబాద్ ప్రాంతానికి మరో అనుభవం ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు బీడు భూములు సాగుచేసి, పండిన జొన్నల నుంచి ఊరి ఉమ్మడి ధాన్యనిధి పెట్టుకున్నాయి. ఎవరి ఇంట్లో ఎంత కరువో బయటి అధికారి లెక్క మీద కాకుండా ఊరే కూర్చుని నిర్ణయించింది.  ఆకలికి చేసిన ఆ నిర్ణయాన్ని రోగం అప్పుకూ చేయవచ్చు. ఎవరి పుస్తెలు ఏ ఆపరేషన్ కోసం బ్యాంకులో ఉన్నాయో సంఘంలో కూర్చున్న ఆడవాళ్లకు తెలుసు. పొదుపు సంఘాల పుస్తకాల్లో రుణం దేనికి తీసుకున్నారో రాసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. పెట్టుబడి, పెళ్లి, ఫీజులతోపాటు ‘దవాఖాన’ అని కూడా రాస్తారు. దాతలు గానీ సర్కారు గానీ ఈ అప్పును తీర్చాలనుకుంటే వెతకాల్సింది ఆ పద్దులోనే.