కొత్త ఆధారం ఉన్నా కోర్టు చూడదా? అమెరికాలో హెబియస్ కార్పస్ రూల్స్ ఇవే..

హెబియస్ కార్పస్ అనగానే మనకు గుర్తొచ్చేది ఒకటే. ఎవరినో పోలీసులు తీసుకెళ్లారు, కోర్టులో హాజరుపరచలేదు, ఇంట్లోవాళ్లు హైకోర్టుకు వెళ్లారు. అమెరికాలో మాత్రం శిక్ష పడి, అప్పీళ్లన్నీ అయిపోయిన ఖైదీ కూడా ఇదే పిటిషన్ వేస్తాడు.

అక్కడ హత్య, దోపిడీ లాంటి కేసులు చాలావరకు రాష్ట్ర కోర్టుల్లోనే నడుస్తాయి. అక్కడ ఓడిపోయిన ఖైదీ, తన శిక్ష అమెరికా రాజ్యాంగానికి విరుద్ధమంటూ ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు. ప్రతివాది జైలు అధికారి. అందుకే ఈ కేసుల పేర్లలో జైలు అధికారుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి.

అయితే ఇది ఇంకో అప్పీల్ కాదు. 1995లో ఓక్లహోమా సిటీ బాంబు పేలుడు జరిగాక, 1996 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం రూల్స్‌ను బాగా బిగించింది. ముందు రాష్ట్రంలోని కోర్టు దారులన్నీ అయిపోవాలి. తీర్పు ఫైనల్ అయ్యాక సాధారణంగా ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. రాష్ట్ర కోర్టులో రివ్యూ పెండింగ్‌లో ఉన్న రోజులు ఇందులో లెక్కకు రావు. ఇక మరణశిక్ష కేసుల్లో తప్ప ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని పొందే హక్కు లేదు. అంటే చాలామంది జైల్లో కూర్చుని సొంతంగా రాసుకోవాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడుంది. రాష్ట్ర కోర్టు తీర్పు తప్పని ఫెడరల్ జడ్జికి అనిపిస్తే సరిపోదు. సుప్రీంకోర్టు అప్పటికే స్పష్టంగా చెప్పిన సూత్రానికి అది విరుద్ధమై ఉండాలి, లేదంటే సూత్రాన్ని గానీ సాక్ష్యాన్ని గానీ ఏమాత్రం సమంజసం కాని రీతిలో చూసి ఉండాలి. నిష్పక్షపాతంగా ఆలోచించే జడ్జిల మధ్య రెండు అభిప్రాయాలకు చోటుంటే రాష్ట్ర తీర్పే నిలుస్తుందని 2011లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మరి లాయరే సరిగ్గా పనిచేయకపోతే? అరిజోనాలో బ్యారీ జోన్స్‌కు జరిగింది అదే. నాలుగేళ్ల పాప మృతి కేసులో 1995లో ఆయనకు మరణశిక్ష పడింది. పాపకు గాయం ఎప్పుడైందో చెప్పే వైద్య ఆధారాలను ట్రయల్ లాయర్ పట్టించుకోలేదు. తర్వాత రాష్ట్ర రివ్యూలో వచ్చిన లాయరూ ఆ విషయం లేవనెత్తలేదు. ఫెడరల్ జిల్లా కోర్టు వారం రోజులు సాక్ష్యాలు విని, 2018లో శిక్ష రద్దు చేసింది. కానీ 2022 మేలో సుప్రీంకోర్టు 6-3 తేడాతో దాన్ని తిప్పేసింది. రాష్ట్ర కోర్టు రికార్డులో లేని ఆధారాన్ని ఫెడరల్ కోర్టు చూడకూడదు, ఆ లోపం ఖైదీ లాయర్‌దే అయినా సరే అంది. లాయర్ తప్పుకి క్లయింట్‌ని శిక్షించడం ఏం లాజిక్కో మరి! జస్టిస్ సోటోమేయర్ తన భిన్న తీర్పులో దీన్ని గట్టిగానే తప్పుబట్టారు.

2023 జూన్‌లో జోన్స్ బయటికొచ్చారు, అదీ ప్రాసిక్యూటర్లతో ఒప్పందం వల్ల. పాపను ఆస్పత్రికి తీసుకెళ్లలేదన్న కారణంతో సెకండ్ డిగ్రీ హత్య నేరం ఒప్పుకున్నారు. అప్పటికే 29 ఏళ్లు జైల్లో గడిచాయి.

పిటిషన్ గెలిచినా మర్నాడే విడుదల ఉండదు. ఫలానా గడువులోగా మళ్లీ విచారించండి, లేదా వదిలేయండి అని రాష్ట్రానికి చెప్తారు. ఓడిన ఖైదీకి అప్పీల్ చేసుకోవడానికీ కోర్టు పర్మిషన్ కావాలి. రెండోసారి పిటిషన్ వేయాలంటే ఫెడరల్ అప్పీల్ కోర్టు ముందే ఓకే చెప్పాలి.