ఎలక్ట్రాన్ల సీట్ల లెక్క: 1928 నుంచి 1996 దాకా



ముందు ఒక మాట తేల్చుకుందాం. తమిళ మీడియంలో మేము చదివిన 'అణు' అంటే ఆటమ్. తెలుగు పుస్తకాల్లో 'అణువు' అంటే మాలిక్యూల్. ఆటమ్‌ను 'పరమాణువు' అంటారు. నాలాగా తమిళంలో చదివినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఈ రోజు చెప్పేది మనిషి చేసిన పరమాణువు కథ. దాని పేరు క్వాంటమ్ డాట్.

1928లో రష్యా శాస్త్రవేత్త వ్లదీమిర్ ఫాక్ ఒక లెక్క వేశారు. గిన్నెలాంటి గుంటలో ఒకే ఒక ఎలక్ట్రాన్ ఉంది, అయస్కాంతం కూడా ఉంది. దానికి శక్తి మెట్లు ఎలా ఉంటాయి? 1930లో బ్రిటన్‌లో చార్లెస్ గాల్టన్ డార్విన్ కూడా అలాంటి లెక్కే చేశారు. ఈయన పరిణామ సిద్ధాంతం డార్విన్ గారి మనవడు.

అయస్కాంతం లేకపోతే, బల్లపరుపు గిన్నెలో మొదటి మెట్టు మీద ఒక గది, రెండో మెట్టు మీద రెండు, మూడో మెట్టు మీద మూడు. గదికి ఇద్దరే. అంటే 2, 4, 6. కూడుకుంటూ పోతే 2, 6, 12 దగ్గర మెట్లు నిండుతాయి.

కానీ ఇది ఒంటరి ఎలక్ట్రాన్ లెక్క. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక్కడి ఖర్చును పన్నెండుతో గుణిస్తే పన్నెండుమంది ఉన్న ఇంటి ఖర్చు వస్తుందా? ఆ తోపులాటను లెక్కలోకి తెచ్చే దారిని 1930లో ఫాక్ గారే బాగుచేశారు. హార్ట్రీ మొదలుపెట్టిన పద్ధతి అది. అందుకే హార్ట్రీ-ఫాక్ అంటారు.

ఇదంతా కళ్ళకు కట్టింది 1996లో. జపాన్‌లో ఎన్‌టీటీకి చెందిన తరుచా, నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్‌కు చెందిన కౌవెన్‌హోవెన్ బృందం సుమారు అర మైక్రాన్ వెడల్పున్న స్తంభం చేశారు. వెంట్రుక మందంలో నూరో వంతు కూడా లేదు. కరెంటు మీట తిప్పుతూ, సున్నా నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే లోపలికి ఎక్కించారు. కొత్తగా వచ్చే ప్రతిదానికీ ఎంత శక్తి పడుతుందో కొలిచారు.

ఫాక్ లెక్క ఒక్కటే నిజమైతే రెండో ఎలక్ట్రాన్‌కు అదనపు ఖర్చు ఉండకూడదు. ఉంది. అది తోపులాట ఖర్చు. 2, 6, 12 నిండాక వచ్చేదానికి టికెట్టు ఇంకా పెరిగింది. 4 తరవాత కూడా కొంచెం పెరిగింది. కారణం మన రైలుపెట్టెలోనే ఉంది. ఎక్కినవాడు ముందు ఖాళీ బెంచీ చూసుకుంటాడు. లేకపోతేనే ఇంకొకరి పక్కన సర్దుకుంటాడు. మూడోది, నాలుగోది వేరువేరు గదుల్లో, ఒకే దిక్కు స్పిన్‌తో ఉంటే తోపులాట తగ్గుతుంది. అయిదోది వచ్చిందంటే జతపడక తప్పదు. పరమాణువుల్లో దీన్నే హుండ్ నియమం అంటారు.

అంటే కాగితం లెక్క రుజువు కావడానికి 68 ఏళ్ళు పట్టింది. రుజువైంది కూడా పక్కవాళ్ళను కలుపుకున్నాకే.

చివరగా ఒక మనవి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం ఉన్న పిల్లలు 'అణువు' దగ్గర తికమకపడితే కోప్పడకండి. రెండు అర్థాలూ పక్కపక్కన రాసి ఇవ్వండి. ఆ ఒక్క మాట తేలితే మిగతా పాఠం వాళ్ళే చదువుకుంటారు.