సంస్థాన సభలలో ఇంద్రియ పరీక్ష

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డయందు గద్వాలయు, కృష్ణకు ఉత్తరపు దరిని వనపర్తియు, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురము రాజధానిగా జటప్రోలును, నిజాము ప్రభువునకు కప్పము చెల్లించుచు లోపలి పాలనమును తామే నడుపుకొనిన సంస్థానములు. సైన్యమునను ధనమునను ఇవి పెద్దవి కావు. అయినను సురభి మాధవరాయల చంద్రికాపరిణయము వెలసినది ఈ సీమలోనే. అష్టభాషి యని పేరొందిన బహిరీ గోపాలరావు ఏలినది వనపర్తినే. పండితులనాదరించిన గద్వాలకు విద్వద్గద్వాల యను ప్రశస్తి నేటికిని నిలిచియున్నది. ఈ కొలువులయందు కవిత్వముతోపాటు మానవుని ఇంద్రియములకును పరీక్ష జరుగుచుండెనని నా తలంపు. ఆ పరీక్ష అవధానము.

మన దర్శనములు చెవి, చర్మము, కన్ను, నాలుక, ముక్కు అను ఐదింటిని జ్ఞానేంద్రియములనియు, వాక్కు మొదలగు ఐదింటిని కర్మేంద్రియములనియు, వీనినెల్ల నడుపు మనస్సును పదునొకండవదనియు లెక్కించినవి. కఠోపనిషత్తు ఇంద్రియములను గుఱ్ఱములుగను మనస్సును పగ్గముగను చెప్పినదే కాని, గుఱ్ఱములను చంపుమనలేదు. ఒకే క్షణమున రెండు జ్ఞానములు పుట్టకుండుటయే మనస్సు కలదనుటకు గుఱుతని గౌతముని న్యాయసూత్రములు నిర్ణయించినవి. మనస్సు అణుమాత్రము, అది దేనితో కూడునో ఆ ఇంద్రియమే ఎఱుగును. అన్నియు ఒక్కమారే తెలిసినట్లు తోచుట, దొంతిగా పేర్చిన నూఱు తామరరేకులను సూదితో గ్రుచ్చినపుడు అన్నియు ఒకేసారి చిల్లిపడినట్లు తోచుట వంటి భ్రాంతియని నైయాయికుల వాదము.

ఈ సిద్ధాంతమునకు అష్టావధానము కన్న కఠినమైన ఒరపిడి నేనెఱుగను. ఒక పృచ్ఛకుడు సమస్యనిచ్చును. ఒకడు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టును. ఒకడు వాక్యములోని అక్షరములను వరుస తప్పించి ఒక్కొక్కటిగా అందించును. నడుమ మ్రోగు గంటల లెక్కను చెవి మఱువరాదు, వీపున తాకు పువ్వుల లెక్కను చర్మము మఱువరాదు, చదరంగమున్నచో ఎత్తు తప్పరాదు. ఇంతలో అప్రస్తుత ప్రసంగి తన ప్రశ్నలతో చిత్తమును చెదరగొట్టజూచును. విడతలు విడతలుగా చెప్పిన పద్యములనెల్ల తుదకు ధారణ పట్టి అప్పగించినగాని అవధానము ముగియదు. కనులు మూసికొని గుహలో కూర్చుండువానికి లేని కష్టమిది: ఏ ఇంద్రియమును విడువరాదు, ఏ ఇంద్రియమునకును లొంగరాదు. మాడభూషి వేంకటాచార్యుల వంటివారు తీర్చిన ఈ విద్యను ఊరూర చాటిన తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములకును విచ్చేసిరి. వారి నానారాజసందర్శనము ఆ యాత్రలకు సాక్ష్యము.

ఇంద్రియములను విడువక, వానికి లొంగక నడుపు ఈ భావము సిక్కు గురువుల వాక్కునందును కలదు. అనంతరకాలమున నిజాము రాజ్యములో చేరియుండిన నాందేడులోనే 1708లో గురు గోవిందసింహుడు దేహము చాలించెను. ఆయన పరంపరలో మూడవ గురువైన అమరదాసు రామకలీ రాగమున రచించిన ఆనందు నలుబది పౌడీల, అనగా చరణముల, కృతి. అందు గురువు నాలుకను, దేహమును, కన్నులను, చెవులను వేఱువేఱుగ పిలిచి, అవి లోకమునకు వచ్చిన పనియేమో వానికే బోధించును. గీత చెప్పిన నవద్వారపురమే అందును కానవచ్చును. తొమ్మిది ద్వారములు తెఱచియుండ పదవది గుప్తమని గురువు చేర్చెను. ఇచ్చటను ఇంద్రియములు శత్రువులు కావు. అయితే అవధానికి ఏండ్ల తరబడి శాస్త్రాభ్యాసము కావలెను, అది ఆనాడు కొలది కులములకే దక్కెను. గురువు మాట మాత్రము దున్నువానికిని నేయువానికిని సమానముగ అందినది. ఈ భేదమును మఱుగుపఱచుట నాకిష్టము లేదు.

1949 ప్రాంతమున సంస్థానములు అంతరించుటతో పండితులకు రాజాశ్రయము తప్పినది. అవధానము మాత్రము పాఠశాలలకును దేవాలయ మండపములకును చేరినది; పూర్వము కోటలోనికి అడుగిడజాలనివారు నేడు పృచ్ఛకులై కూర్చుండుచున్నారు, స్త్రీలును అవధానులైరి.