వెచ్చని నేలకు దిగివచ్చిన బ్లూబెర్రీ

వేడిసీమలో బ్లూబెర్రీ పండకపోవడానికి ఎండను నిందిస్తుంటారు. అసలు దోషం శీతకాలానిది. మొగ్గలు నిద్ర మేల్కొనడానికి వాటికి తగినంత చలి తగలాలి. (రంగులో పోలికే గాని, మన నేరేడుకూ దీనికీ చుట్టరికం లేదు.)

ఉత్తర అమెరికా అడవిపొదను తోటపంటగా మలచినవారు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్, న్యూజెర్సీ క్రాన్‌బెర్రీ తోటల ఇంటి ఆడపడుచు ఎలిజబెత్ వైట్. దీనికి ఆమ్లగుణం గల నేల తప్పదని కోవిల్ 1910లో ప్రకటించాడు. 1916లో వారి తొలి పంట విపణి చేరింది. అయితే ఉత్తరాది రకాలకు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన సుమారు 800 నుండి 1000 గంటల చలి కావాలి. ఫ్లోరిడాకు అంత భాగ్యమెక్కడిది?

అక్కడివారు తమ అడవులలోని 'కుందేలుకన్ను' జాతిని త్రవ్వి తెచ్చి నాటుకొన్నారు. పచ్చికాయ పండబోయే ముందు గులాబిరంగు తిరుగుతుంది గనుక ఆ పేరు. ఎవరు పెట్టారో గాని రసజ్ఞులే! 1920లలో ఆ తోటలు విస్తరించాయి. కాని ఏ పొద కాయ తీరు దానిదే. నాసిరకం సరుకుతో విపణిలో పేరు చెడింది, రైతులు నష్టపోయారు. ఎంపిక లేని సాగుకు అంతకంటె ఏమి ఫలం?

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ షార్ప్ వేరొక దారి పట్టాడు. అక్కడి ఇసుకనేలల్లో ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఒక పొట్టి అడవిపొద కలదు. శాస్త్రనామం వాక్సీనియం డారోయి. దానిని ఉత్తరాది రకంతో సంకరపరచాడు. చిక్కు ఏమనగా, పొట్టిపొదకు క్రోమోజోములు 24, ఉత్తరాది రకానికి 48. అట్టి జంటకు పుట్టినది సాధారణంగా గొడ్డుమొక్క. ఎప్పుడో ఒకప్పుడు పొట్టిపొద బీజకణం సగమై చీలక 24నూ మోసుకొని వస్తుంది. అప్పుడు పిల్లమొక్కకు 48 సమకూడి సంతానయోగ్యమవుతుంది. ఆ అరుదైన మొలకల కోసం ఏళ్ల తరబడి వెదకవలసివచ్చింది. నా దృష్టిలో ఈ కథకు నాయకుడు ఆ పొట్టిపొదయే.

1976లో 'షార్ప్‌బ్లూ', 'ఫ్లోర్డాబ్లూ' వెలువడ్డాయి. షార్ప్‌బ్లూకు స్వల్పమైన చలి చాలు; పండు మాత్రం మెత్తన, దూరప్రయాణానికి అంతగా తాళదు. మరొక మెలిక: చలి తక్కువ కోరే మొక్క త్వరపడి పూస్తుంది. చివరి మంచు ఆలస్యంగా కురిసే చోట నాటితే పూతంతా మాడుతుంది. కావున 'తక్కువ చలి చాలు' అన్న గుణం ఒక ఊరికి వరం, మరొక ఊరికి శాపం.

1998లో మిసిసిపీ పరిశోధకులు 'బిలాక్సీ'ని విడుదల చేశారు. 2010 తరువాత పెరూ దేశపు ఎడారితీరంలో రైతులు విస్తారంగా నాటుకొన్నది దానినే.