మిల్లువారి జీపు మీద అరిగిపోయిన అక్షరాలు

మిల్లువారి జీపు ఎక్కడుండేదో మనలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాత రైసుమిల్లు ప్రహరీ వెంట, చింతచెట్టు కింద, నాలుగు చక్రాలూ నేలలో దిగబడి ఉండేది. ఈ వేసవిలో ఆ ప్రహరీ కొట్టేశారు. జీపు సంగతి ఏమిటన్న మాట వచ్చినప్పుడు, రామాలయం అరుగు మీద కూర్చున్న పెద్దలు దానికి రంగు వేయించి సెంటర్లో నిలబెడదామన్నారు. నాకూ సంతోషమే. అయితే దాని పక్కన ‘రెండో ప్రపంచ యుద్ధంలో గన్నవరంలో పనిచేసిన మిలటరీ జీపు’ అని బోర్డు రాయించబోతున్నారట. ఆ మాట తప్పు. బోర్డు మీద పెయింటు పడకముందే చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ మాట పుట్టింది మన హైస్కూలు వార్షికోత్సవ సంచికలో. రాసిన మాస్టారి దగ్గరే నేను లెక్కలు నేర్చుకున్నాను, ఆయన మీద నాకు గౌరవం ఎప్పుడూ తగ్గదు. కానీ ఆయన జీపును రోడ్డు మీద నిలబడి చూశారు. నేను ముప్పై ఏళ్లు బెజవాడ ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసినవాణ్ణి, దాని కింద పడుకుని చూశాను. ఇద్దరికీ కనిపించింది ఒకటి కాదు.

మాస్టారు మూడు ఆధారాలు చూపారు. స్టీరింగు ఎడమవైపు ఉంది కాబట్టి అది అమెరికా సైన్యానిదన్నారు. వెనక ఉన్న ఇనప చక్రంతో విమానాల పంకాలు తిప్పేవారన్నారు. జీపు మీద పోతపోసిన అక్షరాల్లో ‘సర్వీస్’ అన్న మాట తోక మిగిలి ఉందన్నారు.

స్టీరింగు మాట ముందు తేల్చేద్దాం. 1949లో బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టిన మహీంద్రావాళ్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఎడమచేతి స్టీరింగుతోనే జీపులు అమ్మారు. మన బ్లాకాఫీసు జీపు ఎక్కినవాళ్లు ఇంకా ఉన్నారు, అడగండి.

ముఖం చూసినా యుద్ధం జీపు కాదు. యుద్ధంలో తిరిగిన జీపుల గ్రిల్లుకు తొమ్మిది నిలువు చీలికలుంటాయి, హెడ్‌లైట్లు చిన్నవిగా గ్రిల్లు వెనక్కి ఉంటాయి. మిల్లువారి జీపుకు చీలికలు ఏడు, లైట్లు పెద్దవి. యుద్ధం జీపులో పెట్రోలు పోయాలంటే డ్రైవరు సీటు ఎత్తాలి. దీనికి మూత పక్కన బయటే ఉంది. వెనక దించే తలుపుంది, యుద్ధం జీపుకు అది ఉండదు. ముందు అద్దం ఒకే పలక. ఈ గుర్తులన్నీ కలిసేది విల్లీస్ వాళ్ల సీజే-3ఏ అన్న బండిలో. అది 1949 మోడలుగా వచ్చి 1953 దాకా నడిచింది. సీజే అంటే సివిలియన్ జీపు, అంటే సైన్యానికి కాక జనం కోసం చేసిన బండి.

ఇంతటితో ఒప్పుకోమని అడగను. గ్రిల్లు మార్చడం ఆటోనగర్‌లో ఒక పూట పని. బాడీ మొత్తం మార్చిన బండ్లు నా చేతుల మీదుగానే ఎన్నో పోయాయి. పాత బండిని గుర్తుపట్టాలంటే రంగునీ రేకునీ పక్కనపెట్టి, మార్చాలన్న అవసరం ఎవరికీ రాని ముక్కలు వెతకాలి. అందుకే గేరుబాక్సు దగ్గరికెళ్లాను. మడ్డి గీకితే టీ-90 అన్న పోత గుర్తు బయటపడింది. యుద్ధం జీపుల్లో వేసింది టీ-84. బాడీ చెప్పిన మాటే గేరుబాక్సూ చెప్పింది.

ఇక ఆ చక్రం. మనం చిన్నప్పుడు దాని మీద ఎక్కి ఆడుకున్నాం, అదేమిటో ఒక్కరమూ అడగలేదు. వెనక బంపరు మధ్యలో, చిన్న డోలు ఆకారంలో, రేకు కాదు పోత ఇనుము. మాస్టారి ఊహకు మూలం లేకపోలేదు. విమానం పంకాను మోటారుబండి సాయంతో తిప్పే పరికరం పూర్వం నిజంగానే ఉండేది, హక్స్ స్టార్టర్ అనేవారు. కానీ అందులో షాఫ్టు బండి పైన, పంకా నడుమకు అందే ఎత్తులో ఉంటుంది, కొసన కొక్కెంలాంటి పట్టు ఉంటుంది. మన చక్రం మోకాలెత్తులో ఉంది, పట్టు లేదు.

దాని మీద అరచెయ్యి అడ్డంగా రాసి చూడండి. అంచు నుంచి నడుముకు కాస్త ఉబ్బు తగులుతుంది, మళ్లీ అవతలి అంచుకు దిగుతుంది. అరుగుదల అనుకోవద్దు. అరిగితే నడుము పల్లమవుతుంది. బెల్టు జారిపోకుండా నడిమధ్యనే నిలవడానికి కావాలని ఇచ్చిన ఉబ్బు అది. రైసుమిల్లులో పాత పుల్లీలన్నిటికీ ఉండేది. నేనే లేతు మీద అలాంటివి తిప్పి ఇచ్చాను. అంటే అది బెల్టు పుల్లీ, ఇంకేమీ కాదు.

పుల్లీ తిరిగే దారి కూడా కనిపిస్తుంది. ఈ జీపుల్లో పెద్ద గేరుబాక్సు వెనక చిన్న గేరుబాక్సు ఉంటుంది, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ బలం పంచేది అదే. వెనక ఇరుసుకు పోయే షాఫ్టు కుడివైపు జరిగి ఉంటుంది కాబట్టి మధ్యలో దారి ఖాళీ. చిన్న గేరుబాక్సు వెనక మూత విప్పి, అక్కణ్ణుంచి ఇంకో షాఫ్టు తీసి ఆ ఖాళీలోంచి బంపరు దాకా తెస్తారు. దాన్ని కలపడానికీ విడదీయడానికీ సీట్ల మధ్య ఇంకో కర్ర. మామూలు జీపుకు కర్రలు మూడు, దీనికి నాలుగు. చిన్న గేరుబాక్సును న్యూట్రల్లో పెడితే బండి కదలదు, పుల్లీ ఒక్కటే తిరుగుతుంది. లోడు పడినప్పుడు ఇంజను వేగం పడిపోకుండా చూసే గవర్నరు కూడా ముందుంది. రైతుల కోసమే విల్లీస్ వాళ్లు ఈ సరంజామా అమ్మారు. నూర్పిడికీ రంపానికీ పంపుకీ జీపే ఇంజనని చెప్పి అమ్మారు.

ఇప్పుడు అక్షరాలు. నేను ఎక్కువ రోజులు గడిపింది వీటి దగ్గరే. చిన్న గేరుబాక్సు పోత మీద ఐ, సి, ఈ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు కంటికి కనిపిస్తాయి. సర్వీస్ అన్న ఇంగ్లీషు మాట చివర ఉండేవి ఆ మూడే కాబట్టి మాస్టారు సైన్యం ముద్ర అనుకున్నారు. నేను కిరసనాయిలుతో కడిగి, వైరు బ్రష్షు కొట్టి, చాక్‌పీసు పక్కవాటుగా రాశాను. ఐకి ముందు సర్వీస్‌లో అయితే వి రావాలి, అంటే రెండు ఏటవాలు గీతలు కలవాలి. ఇక్కడ నిలువు గీత, దాని నెత్తిన సగం అరిగిన గుండ్రం. అది పి. ఈ తర్వాత సర్వీస్‌లో ఏమీ ఉండకూడదు. ఇక్కడ ఇంకో అక్షరం కాలు చాపి ఉంది, అది ఆర్. మొదట ఎస్ వంపు చాక్ పట్టింది. ఎస్, పి, ఐ, సి, ఈ, ఆర్. స్పైసర్! అమెరికాలో టొలీడో ఊరి కంపెనీ. విల్లీస్ ఉన్నదీ ఆ ఊళ్లోనే, వాళ్ల జీపులకు ఇరుసులూ చిన్న గేరుబాక్సులూ ఇచ్చింది వీళ్లే. యుద్ధం జీపుల్లోనూ స్పైసర్ సామానే ఉంది, కాబట్టి ఆ పేరొక్కటే కాలాన్ని తేల్చదు. కానీ సైన్యం ముద్ర అన్న మాట మాత్రం ఆ ఆర్ కాలు దగ్గర ఆగిపోయింది.

రెండేళ్ల కిందట పాత బండ్లు సేకరించేవాళ్లు సిటీ నుంచి వచ్చి, మిలటరీది కాదు కనుక ఇందులో ఏమీ లేదని చెప్పి వెళ్లారు. మాస్టారి మాట కన్నా నాకు ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది. బెల్టు పుల్లీ ఉన్న జీపును మన జిల్లాలో ఎన్ని చోట్ల చూశారు వాళ్లు?

కాలువగట్టు మీద జీపు దిబ్బ ఉంది కదా. సైన్యం అక్కడ ఆగేదని సంచికలో ఉంది. మా మేనత్త చెప్పే మాట వేరు. పొగాకు నారుమళ్లకు తడి అందనప్పుడు, మిల్లువారి జీపును వెనక్కి నడిపి ఆ దిబ్బ మీద నిలిపేవారు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, పుల్లీకి బెల్టు తగిలించి పంపు తిప్పేవారు. కాలువ నీళ్లు ఎగువన మెట్టకు ఎక్కేవి. బెల్టు జారకుండా బంకమైనం రాస్తూ రాత్రంతా కాపలా ఉన్నవాళ్లలో ఆమె నాన్న, అంటే మా తాతయ్య ఒకడు. ఆ అడ్డురాళ్లు రెండూ దిబ్బ మీదే ఉన్నాయి. వాటి మధ్య దూరం కొలిచాను, జీపు వెనక చక్రాల మధ్య దూరంతో సరిపోయింది. మన మెట్టకు నీళ్లు ఎక్కించిన బండిని పట్టుకుని ఇంకొకరి యుద్ధానికి అప్పగించడం నాకు మనసొప్పలేదు.

బోర్డు మీద ఏం రాయాలో పెద్దలే చూడండి. నేను అడిగేవి రెండు. రంగు వేసేవాళ్లు ఆ గేరుబాక్సు మీద బ్రష్షు పెట్టకూడదు. తుప్పు పట్టిందని చెప్పి పుల్లీని కోసెయ్యకూడదు. అక్షరాల్లో నేను రాసిన చాక్‌పీసు ఇంకా ఉంది. వాన పడేలోపు ఒక గోనెపట్టా తెచ్చుకుని, దాని మీద పడుకుని చూడండి. లైటు నేను పడతాను.