వైట్ ద్వీపము: బస్సులు, యాత్రికులు

ఇంగ్లండునకు దక్షిణమున, సోలెంట్ అను సన్నని జలసంధికి ఆవల, వైట్ ద్వీపము కలదు. దాని పొడవు తూర్పు పడమరలుగా 23 మైళ్లు, వెడల్పు 13 మైళ్లు. 2021 జనాభా లెక్కల ననుసరించి నివాసులు సుమారు 1,40,000. ఇంగ్లండు గడ్డకును ఈ దీవికిని నడుమ వంతెన లేదు, సొరంగము లేదు. పడవ ఎక్కవలసినదే. కోనసీమ, దివిసీమలలో రేవున నిలిచి పంటు కొఱకు ఎదురుచూచిన మన పెద్దలకు ఈ స్థితిని వేఱుగ వివరింప నక్కఱలేదు. ఇట్టి దీవిలో వేసవికి వచ్చిపోవు యాత్రికునకును, అచ్చటనే పుట్టి పెరిగిన పల్లెవానికిని బస్సు ఎట్టి బంధమును కల్పించినదో నేడు మనము విచారింతము.

ఈ దీవికి విహారస్థలమను పేరు వచ్చుటకు రాచకుటుంబము ఒక ముఖ్యకారణము. విక్టోరియా రాణియు, ఆమె భర్త ఆల్బర్టును 1845లో ఇచ్చట ఆస్బర్న్ ఎస్టేటును కొని భవనము కట్టించుకొనిరి. 1890 ప్రాంతమున దానికి చేర్చిన దర్బారు మందిరమునకు రూపకల్పన చేసినవాడు లాహోరు శిల్పి భాయి రామ్‌సింగు. 1901 జనవరి 22న రాణి కన్నుమూసినదియు ఆ భవనముననే. రాజు మెచ్చిన చోటు ప్రజలకు యాత్రాస్థల మగుట లోకసహజము. మొదట ధనికులును, పిదప మధ్యతరగతి కుటుంబములును వేసవి గడుపుటకు రాసాగిరి.

వారిని మోయుటకు మొదట రైలు వచ్చెను. 1862లో కౌస్, న్యూపోర్టుల నడుమ తొలి మార్గము తెఱవబడెను. 1900 నాటికి సుమారు 55 మైళ్ల పట్టాలు పడెను. కాని రైలు కోరినది రేవులను, తీరపట్టణములను. నైరుతిమూల నున్న బ్రైస్టన్, ఛేల్ వంటి పల్లెలకు అది చేరనేలేదు. ఆ పల్లెలవారు న్యూపోర్టు సంతకు గుఱ్ఱపు బాడుగ బండ్లలో పోయెడివారు.

మోటారు బస్సు 1905లో తొలిసారి దీవిలో తిరిగినది. ఆనాటి యంత్రములకు, గాలి నింపని గట్టి చక్రములకు ఆ ఎత్తుపల్లములు కొఱుకుడుపడలేదు. ఆ సంస్థ కొలది ఏండ్లకే మూతపడెను. మొదటి ప్రపంచ యుద్ధానంతరము, 1921లో డాడ్సన్, క్యాంప్‌బెల్ అను ఇరువురు కలసి మరల బస్సులు నడుప నారంభించిరి. రోమనులు ఈ దీవికి పెట్టిన వెక్టిస్ అను పేరునే వారు తమ సంస్థకు పెట్టుకొనిరి. 1929లో రైల్వేవారే దానిని కొనగా ‘సదరన్ వెక్టిస్’ వెలసెను. పోటీదారును ఓడించుటకంటె కొనివేయుట తేలికయని వారు తలచిరి కాబోలు!

కాలచక్రము తిరిగి, ఓడినది రైలే. 1952, 1953 సంవత్సరములలో మూడు శాఖలు మూతపడెను. 1966లో రైడ్–కౌస్ మార్గమును, షాంక్లిన్–వెంట్నర్ మార్గమును పోయెను. మిగిలినది ఎనిమిదిన్నర మైళ్లు మాత్రమే. అచ్చట 1967 నుండి లండను భూగర్భ రైల్వే వాడి విడిచిన పెట్టెలు విద్యుచ్ఛక్తితో నడచెను. తక్కిన దీవి యంతయు బస్సు మీద ఆధారపడవలసివచ్చెను.

ఇచ్చటనే అసలు చిక్కు కలదు. జులై, ఆగస్టు మాసములలో యాత్రికులు పైకప్పు లేని బస్సుల మేడపై కూర్చుండి, నీడిల్స్ అను తెల్లని సుద్దరాతి శిఖరములను చూడబోవుదురు. నాడు బస్సున చోటు దొరకదు. జనవరిలో వాన కురియుచుండగా ఆ దారినే ఒక వృద్ధురాలు వైద్యుని యొద్దకును, నలుగురు పిల్లలు బడికిని పోవుదురు. డ్రైవరు జీతమునకు, డిపో ఖర్చునకు మాత్రము ఋతుభేదము లేదు. 1930 నాటి చట్టము మార్గములకు అనుమతిపత్రములు ఏర్పఱచి, పోటీని అదుపులో ఉంచెను. అందుచే లాభమిచ్చు మార్గముల మిగులుతో నష్టమిచ్చు పల్లెమార్గములను పోషించుట సాధ్యమయ్యెను. వేసవి చుట్టము చెల్లించిన టిక్కెట్టు డబ్బే శీతకాలమున పల్లెబస్సునకు నూనె పోసినదని మనము చెప్పవచ్చును.

ఈ ఏర్పాటు రెండు వైపుల నుండి సడలెను. విమానయాత్రలు చౌక కాగా ఇంగ్లండువారు స్పెయిను ఎండలకు మరలిరి. 1985 చట్టముచే 1986 అక్టోబరులో బస్సు మార్గములు బహిరంగ పోటీకి వదలబడెను. ఆ సంవత్సరమే సదరన్ వెక్టిస్ ప్రభుత్వరంగమును వీడి తన అధికారుల చేతికి వచ్చెను. 2005లో గో-అహెడ్ అను పెద్ద సంస్థ దానిని కొనెను. లాభములేని మార్గము కావలెనన్న స్థానిక ప్రభుత్వము సొమ్ము చెల్లింపవలసినదే.

ఆ సొమ్మునకు కొఱత వచ్చినపుడు ఏమగునో 2011లో తేలెను. దీవి కౌన్సిలు తానే నడుపుచుండిన ‘వైట్‌బస్’ను పొదుపు కొఱకు మూసివేసెను. అప్పుడు కొన్ని పల్లెలలో గ్రామస్థులే ముందునకు వచ్చి, సదరన్ వెక్టిస్ ఇచ్చిన బస్సులను వేతనము లేకుండ నడిపిరి. సముద్రమును తన వంతు కష్టము కలిగించుచునే యున్నది: 2014లో నైటన్ సమీపమున కొండచరియ జారి, తీరపు రహదారి వాహనములకు తెగిపోయినది.

యాత్రికుల రాకచే గ్రామసీమలు బాగుపడునను మాట మన దేశమునను తఱచుగ వినబడుచున్నది. అది అసత్యము కాదు. కాని యాత్రికుడు తెచ్చిన ధనము తనంత తాను పల్లెకు చేరదు. దానిని శీతకాలపు బస్సుగా మార్చినది ఒకప్పుడు చట్టము, మఱొకప్పుడు కౌన్సిలు, ఆ రెండును చాలనినాడు ఊరివారి చేతులు. కావున విహారస్థలము వృద్ధిని కొలువదలచిన వారు వేసవిలో దిగిన యాత్రికుల సంఖ్యతో తృప్తిపడరాదు. జనవరి మాసమున, చీకటిపడిన వెనుక, చిట్టచివరి పల్లెకు బస్సు పోవుచున్నదా యని విచారింపవలెను.